చిన్న మార్పే కదా!

చెరువు నిండిన ఏడాది తూము దగ్గర గొడవలుండవు. నీళ్లు తగ్గిన ఏడాదే అసలు పరీక్ష. నల్గొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో పాతతరం వాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఏ మడికి ఎప్పుడు నీళ్లు పారాలో చూసేందుకు చెరువుకో నీరటి ఉండేవాడు. తూము ఎత్తినా, దించినా అతని చెయ్యే. ''అన్నా, మా మడి ఎండుతున్నది, జెర ఇడువరాదే'' అని ఎంత దగ్గరివాడు వచ్చి బతిమాలినా, ''ఆగు తమ్మీ, మీదోళ్లది ఇంకో గంటున్నది'' అనే జవాబే వచ్చేది. నీరటికి ఎవరి మీదా కోపం ఉండదు. ఇద్దరు ఒకేసారి తూము మీద చెయ్యేస్తే ఏమవుతుందో అతనికి తెలుసు. ఇద్దరి మడీ పారదు సరికదా, కాలువ గట్టు తెగి నీళ్లన్నీ వాగుపాలవుతాయి.

కంప్యూటర్ లోపల కూడా సరిగ్గా ఇదే తంటా! అక్కడా నీరటి ఉన్నాడు. అతని పేరు 'లాక్'. తెలుగులో చెప్పాలంటే తాళం. ఈ తాళాలు వేసే, తీసే పద్ధతిని కాస్త శుభ్రంగా రాద్దామని ఎవరైనా ముందుకొస్తే, పది లైన్లు కూడా లేని ఆ మార్పును అనుభవజ్ఞులు గంటల తరబడి పరీక్షిస్తారు. ఒక్కోసారి 'వద్దు' అనేస్తారు. ఎందుకంత పట్టింపు? ఆ కథే ఇది.

మన జేబులోనే ఉంది

1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ సరదాగా మొదలుపెట్టిన లైనక్స్ కెర్నెల్ ఈరోజు 3 కోట్ల లైన్లు దాటిన మహా ప్రోగ్రామ్. 'నాకు లైనక్స్‌తో ఏం పని?' అనుకునేవాళ్లు కూడా దాన్ని రోజూ వాడుతూనే ఉన్నారు. ఆండ్రాయిడ్ ఫోను గుండెకాయ అదే. మిర్యాలగూడలో బియ్యం బస్తాకు ఫోన్లో డబ్బు కట్టినా, జడ్చర్లలో కూర్చుని హైదరాబాద్ బస్సుకు టికెట్ తీసుకున్నా, ఆ సందేశం దారిలో ఎన్నో కంప్యూటర్లను దాటుతుంది. వాటిలో చాలావాటిలో లైనక్సే నడుస్తూ ఉంటుంది.

సందేశం ఒకే ముద్దగా పోదు. చిన్న చిన్న పొట్లాలుగా విడిపోతుంది. వీటినే ప్యాకెట్లు అంటారు. వాటిని అందుకుని, విప్పి, ఎవరిది వాళ్లకు చేరవేసేది కెర్నెల్‌లోని నెట్‌వర్కింగ్ విభాగం. పెద్ద సర్వర్లలో సెకనుకు లక్షల ప్యాకెట్లు వచ్చిపడుతుంటాయి. ఒక్క ప్రాసెసర్ ఈ పని మొయ్యలేదు. అందుకే పదుల సంఖ్యలో ప్రాసెసర్లు ఒకేసారి పనిచేస్తాయి. చిక్కంతా ఇక్కడే.

వచ్చిన ప్యాకెట్ల లెక్క ఒకచోట రాసి ఉంది అనుకుందాం. అందులో ఇప్పుడు 100 ఉంది. ఒక ప్రాసెసర్ ఆ 100ను చదివింది. అదే క్షణంలో రెండోదీ 100నే చదివింది. రెండూ చెరో ఒకటి కలిపి 101 అని రాశాయి. ఉండాల్సింది 102! 'లెక్కలో ఒకటి పోతే కొంపేం మునిగింది?' అనిపించవచ్చు. కానీ ఆ లెక్క 'ఈ పెట్టెను ఇంకా ఎంతమంది వాడుకుంటున్నారు' అనేదైతే? ఎవరూ లేరనుకుని కెర్నెల్ ఆ పెట్టెను ఖాళీ చేసి మరొకరికి ఇచ్చేస్తుంది. పాతవాడు మాత్రం అది తనదే అనుకుని అందులో చెయ్యి పెడతాడు. అప్పుడు సర్వర్ ఉన్నపళంగా కుప్పకూలవచ్చు. లేదా దొంగకు దారి దొరకవచ్చు. దీన్నే 'రేస్ కండిషన్' అంటారు. ఎవరు ముందు చేరుకుంటారన్న పరుగుపందెం మీద ఫలితం ఆధారపడటం అన్నమాట.

2003 ఆగస్టు 14న అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లోనూ, కెనడాలోనూ దాదాపు 5 కోట్ల మంది చీకట్లో చిక్కుకుపోయారు. కారణాలు చాలానే ఉన్నా అందులో ఇలాంటి తప్పు కూడా ఒకటి. ఒహాయోలోని విద్యుత్ సంస్థ కంట్రోల్ రూంలో హెచ్చరికలు మోగించాల్సిన సాఫ్ట్‌వేర్ రేస్ కండిషన్ వల్ల మూగబోయింది. లైన్లు ఒక్కొక్కటే పడిపోతున్నా అక్కడి ఉద్యోగులకు సకాలంలో కబురు అందలేదు.

రైలు నేర్పిన పాఠం

ఈ సమస్యకు మందు కనిపెట్టినవాళ్లలో డచ్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా ముఖ్యుడు. 1960లలో ఆయన ప్రతిపాదించిన పద్ధతికి పెట్టిన పేరు 'సెమాఫోర్'. అది రైల్వే మాట. స్టేషన్ బయట స్తంభం మీద చెయ్యిలా లేచి, వాలే పాత సిగ్నల్ పేరే అది.

రైలు పట్టాల మీద ఈ సూత్రం ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. బీబీనగర్ నుంచి నల్గొండ, మిర్యాలగూడల మీదుగా నడికుడి వెళ్లే దారి ఒంటి లైనుగానే పుట్టింది. ఒంటి లైను మీద ఎదురెదురుగా రెండు బళ్లు రాకూడదు. అందుకు మన రైల్వేలో వాడిన పాత ఉపాయం టోకెన్. రెండు స్టేషన్ల మధ్య దారికి ఒక్కసారికి ఒక్క టోకెనే బయటికి వస్తుంది. అది చేతిలో పడితేనే డ్రైవరు బండి కదిలిస్తాడు. అవతలి స్టేషన్లో ఇచ్చేస్తేనే ఇంకో బండికి దారి. బండి వేగం తగ్గించి పోతుంటే, పెద్ద రింగుకు కట్టిన సంచిలో టోకెన్ అందుకోవడం పాతకాలం ప్రయాణికులు కిటికీల్లోంచి చూసే ఉంటారు. కంప్యూటర్ తాళం చేసే పనీ అంతే. తాళం అందినవాడు ముట్టుకుంటాడు, మిగతావాళ్లు ఆగుతారు.

అయితే తాళం వేయడంతో కష్టాలు తీరిపోవు. కొత్తవి మొదలవుతాయి. అన్నదమ్ముల ఉమ్మడి బావి ఉంది. మోటారు నడవాలంటే స్టార్టరు డబ్బా తాళం కావాలి, బావి గేటు తాళమూ కావాలి. అన్న స్టార్టరు తాళం పట్టుకుని గేటు తాళం కోసం కూర్చున్నాడు. తమ్ముడు గేటు తాళం పట్టుకుని స్టార్టరు తాళం కోసం చూస్తున్నాడు. ''ముందు నువ్వియ్యి'' అంటే ''ముందు నువ్వియ్యన్నా''! ఇక ఆ పూట చేనుకు నీళ్లు లేనట్టే. కంప్యూటర్లో దీని పేరు 'డెడ్‌లాక్'. దీనికి విరుగుడు సింపుల్. ఇద్దరూ ఎప్పుడైనా ముందు గేటు తాళం, తర్వాతే స్టార్టరు తాళం తీసుకోవాలని కట్టడి పెట్టుకోవడమే. ఈ వరస తప్పితే వెంటనే పట్టిచ్చే 'లాక్‌డెప్' అనే పరీక్ష సాధనాన్ని 2006లో ఇంగో మోల్నార్ లైనక్స్‌కు జోడించారు.

ఇంకో చిక్కు... తాళం ఎంత పెద్దదై ఉండాలి? 1996లో వచ్చిన లైనక్స్ 2.0లో ఒకటికి మించిన ప్రాసెసర్లతో పనిచేసే సౌకర్యం వచ్చినప్పుడు మొత్తం కెర్నెల్‌కూ కలిపి ఒకే తాళం పెట్టారు. దాని పేరే 'బిగ్ కెర్నెల్ లాక్'. మండలంలోని చెరువులన్నిటికీ ఒక్కడే నీరటి అన్నట్టు! గట్లు తెగవు గానీ, అందరూ క్యూలో నిలబడాల్సిందే. దాన్ని కొంచెం కొంచెం విడగొడుతూ పూర్తిగా వదిలించుకునేసరికి 2011 వచ్చింది. అంటే 15 ఏళ్లు. నెట్‌వర్కింగ్ విభాగంలో సెట్టింగుల మార్పులన్నిటికీ కాపలా కాసే 'ఆర్‌టీఎన్‌ఎల్' అనే పెద్ద తాళం విషయంలోనూ ఈ తంతే సాగుతోంది. 2025 మేలో విడుదలైన 6.15 వెర్షన్ నాటికి, ఒప్పుకున్న డ్రైవర్ల వరకు ఒక్కో నెట్‌వర్క్ పరికరానికి దానికంటూ విడి తాళం వాడుకునే వీలొచ్చింది.

అయిదు చోట్ల, ఒక్కో లైను

'ఇంత పెద్ద పెద్ద పనులు సరే, చిన్న మార్పులకు భయమెందుకు?' అనేవారికి 2021 నాటి సంఘటన చెప్పాలి.

ఒక పెద్ద కంప్యూటర్లో అనేక వర్చువల్ మెషీన్లు నడుస్తుంటాయి. ఒకే ఇంట్లో పది మంది అద్దెకున్నట్టు. అద్దెవాళ్లు, ఇంటి యజమాని మాట్లాడుకునేందుకు లైనక్స్‌లో 'వీసాక్' అనే దారి ఉంది. 2019 నవంబర్‌లో దానికి కొత్త సౌకర్యం జోడించారు. అందులో ఒక చిన్న పొరపాటు దొర్లింది. ఫలానా వస్తువు ఎక్కడుందో చిరునామా రాసుకుని, ఆ తర్వాత తాళం వేశారు. తాళం వేసి, తర్వాత చిరునామా చూసుకోవాల్సింది! ఆ రెండు పనుల మధ్య రెప్పపాటు వ్యవధిలో ఇంకొకరు ఆ వస్తువును తీసేస్తే? చేతిలో ఉన్నది చెల్లని చిరునామా.

ఒకే పోలిక ఉన్న ఇలాంటి అయిదు తప్పులను భద్రతా పరిశోధకుడు అలెగ్జాండర్ పోపోవ్ 2021 మొదట్లో పట్టుకున్నారు. మామూలు యూజర్‌గా లాగిన్ అయినవాడు వీటిని వాడుకుని మొత్తం కంప్యూటర్‌కే యజమాని కావచ్చని నిరూపించి చూపించారు కూడా. మరమ్మతు ఏమిటో తెలుసా? చిరునామా రాసుకునే లైనును తాళం వేసే లైను కిందికి జరపడం. అంతే!

దాదాపు ఇలాంటి కథే 2016లోనూ జరిగింది. ప్యాకెట్లను నేరుగా అందుకునే ఒక విభాగంలో 2011లో దూరిన తప్పు అయిదేళ్లపాటు ఎవరి కంటా పడలేదు. ఒకరు ఏర్పాట్లు చేస్తుండగానే ఇంకొకరు వెర్షన్ మార్చేయగలగడం అక్కడి లోపం. రెండు పనులనూ ఒకే తాళం కిందికి తెచ్చి దాన్ని సరిచేశారు.

ఈ తప్పులు పరీక్షల్లో ఎందుకు దొరకవు? ఎందుకంటే వెయ్యిసార్లు నడిపినా వెయ్యిసార్లూ బాగానే నడవచ్చు. రెండు ప్రాసెసర్లు సరిగ్గా ఆ రెప్పపాటులో తారసపడితేనే బయటపడతాయి. అందుకే కళ్లు పెట్టి చదివే మనిషి అవసరం ఇప్పటికీ తీరలేదు.

శుభ్రం చేస్తానంటే తప్పా?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మహాత్మాగాంధీ యూనివర్సిటీలోనో, పాలమూరు యూనివర్సిటీలోనో చదివి, దేవరకొండ నుంచో నారాయణపేట నుంచో వచ్చిన ఒక కుర్రాడు కెర్నెల్‌కు తన మొదటి మార్పు పంపుతున్నాడనుకుందాం. రాత్రిళ్లు కూర్చుని చదివాడు. ఒకచోట పాత పద్ధతిలో తాళాలు వేసి, తీసి ఉన్నాయి. మధ్యలో ఏదైనా తేడా వస్తే నాలుగు దారుల్లో బయటికి పోవచ్చు. ప్రతి దారిలోనూ గుర్తుపెట్టుకుని తాళం తీయాలి. ఒక్కచోట మర్చిపోతే ఆ తాళం శాశ్వతంగా పడిపోయినట్టే.

దీనికి కొత్త ఉపాయం ఉంది. 2023లో పీటర్ జైల్‌స్ట్రా కెర్నెల్‌కు 'గార్డ్' అనే వసతి తెచ్చారు. తాళం వేసేటప్పుడే దీన్ని వాడితే, ఆ భాగం నుంచి ఏ దారిన బయటికి వెళ్లినా తాళం దానంతటదే తెరుచుకుంటుంది. మూయగానే పడే తలుపు గొళ్లెం లాంటిదన్నమాట, కాకపోతే తిరగేసి. మన కుర్రాడు దీన్ని వాడి పన్నెండు లైన్లు తీసేసి, మూడు లైన్లు పెట్టాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. పంపించాడు.

సమీక్షించేవాళ్లు అప్పుడు వేసుకునే ప్రశ్నలు వరసగా ఇవి. ఈ తాళం దేన్ని కాపాడుతోంది? దీన్ని ఇంకా ఎవరెవరు వేస్తారు? ఇంతకుముందు తాళం ఎక్కడ తెరుచుకునేది, ఇప్పుడు ఎక్కడ తెరుచుకుంటోంది? అన్నిటికంటే ఈ చివరి ప్రశ్నే గట్టిది. మునుపు నాలుగు లైన్ల పాటే వేసి ఉన్న తాళం, గార్డ్ పెట్టాక ఆ భాగం చివరిదాకా సాగిపోవచ్చు. ఆ సాగిన భాగంలో నిద్రపోయే పని ఏదైనా ఉందా అని చూడాలి. అంటే మెమరీ దొరికేదాకా ఆగడం వంటి పనులు. స్పిన్ లాక్ అనే రకం తాళం వేసి నిద్రపోకూడదు. దానికోసం ఎదురుచూసే ప్రాసెసర్ వేరే పని చేసుకోకుండా అక్కడక్కడే తిరుగుతుంటుంది కనుక. తూము తాళంచెవి మొలకు కట్టుకుని నీరటి కునుకు తీస్తే రైతుల గతి ఏమిటో చెప్పాలా?

ఇంకోటి ఉంది. నెట్‌వర్కింగ్‌లో పని మధ్యలోనే 'ప్యాకెట్ వచ్చింది, ముందు ఇది చూడు' అంటూ ప్రాసెసర్‌ను పక్కకు లాగే ఏర్పాటు ఉంటుంది. తాళం వేసి ఉన్న ప్రాసెసరే అలా పక్కకు వెళ్లి, అక్కడ మళ్లీ అదే తాళం కోసం చూస్తే... తాళం తన దగ్గరే ఉంది, తన కోసం తానే ఎదురుచూస్తోంది! ఇది జరగకుండా అలాంటి అంతరాయాలను ఆపి వేసే ప్రత్యేక రకం తాళాలున్నాయి. శుభ్రం చేసే తొందరలో ఆ రకం మారి మామూలు రకం వచ్చిందా అన్నది కొద్ది అక్షరాల తేడాతో దాటిపోయే విషయం.

నెట్‌వర్కింగ్ విభాగం పెద్దలు దీనిపై తమ వైఖరిని నియమావళిలోనే రాసి పెట్టారు. వేరే అసలు పనిలో భాగం కాకుండా, కేవలం శుభ్రం కోసం పంపే చిన్న మార్పులను ప్రోత్సహించబోమని అందులో ఉంది. 20 లైన్లు దాటిన ఫంక్షన్‌లో గార్డ్ వాడొద్దని, తాళం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కంటికి కనిపించేలా రాయడం మేలని, చేత్తో వేసి చేత్తో తీసే పాత పద్ధతికే ఇప్పటికీ కాస్త మొగ్గు ఉందని కూడా ఉంది.

ఇది ఛాందసం అనిపించవచ్చు. గార్డ్‌ను సమర్థించేవాళ్ల వాదనలోనూ బలముంది. తాళం తీయడం మర్చిపోయే తప్పుల జాతినే అది తుడిచిపెట్టేయగలదు. కెర్నెల్‌లోని మరికొన్ని విభాగాలు దాన్ని సంతోషంగానే వాడుతున్నాయి. కానీ పెద్దల బాధ వేరే. ఇప్పటికే ఏళ్ల తరబడి సరిగ్గా నడుస్తున్న చోట మర్చిపోయిన తాళం లేదు కదా! లాభం చూస్తే అందం. నష్టం చూస్తే కొత్త తప్పు దూరే అవకాశం. పైగా రేపు అక్కడ నిజమైన లోపం దొరికితే, ఆ మరమ్మతును పాత వెర్షన్లకూ తీసుకెళ్లాలి. మధ్యలో ఆకారం మారిపోతే అది నేరుగా అతకదు. ఆ లైను ఎవరు, ఎందుకు రాశారో చరిత్ర తవ్వేవాడికీ ఒక పొర అడ్డం పడుతుంది. వీటన్నిటికీ మించి, చదివేవాళ్ల సమయం తక్కువ, వచ్చే మార్పులు ఎక్కువ.

'వద్దు' చెప్పే తీరు

మరి ఆ కుర్రాడి సంగతి? వారాలపాటు పడ్డ శ్రమకు 'అవసరం లేదు' అని రెండు ముక్కల్లో జవాబొస్తే, మళ్లీ అటువైపు చూస్తాడా? ఈ పనిలో ఉన్న అసలు సున్నితం ఇదే. ఒప్పుకుంటే కోట్ల మంది వాడే కెర్నెల్‌కు ప్రమాదం. తోసిపుచ్చితే రేపటి పనివాడు చెయ్యి జారిపోతాడు.

మంచి సమీక్షకులు ఇక్కడే తెలిసిపోతారు. 'తాళం ఫలానా లైను దాకా సాగింది, అక్కడ ఫలానా పిలుపు నిద్రపోవచ్చు' అని వేలుపెట్టి చూపిస్తారు. ఆ ఒక్క వాక్యంలో కుర్రాడికి నెలల పాఠం ఉంటుంది. 'లాక్‌డెప్ పెట్టి నడిపి చూశావా?' అని అడుగుతారు. 2017 నుంచి గూగుల్ నడుపుతున్న 'సిజ్‌బాట్' అనే యంత్రం కెర్నెల్‌ను రాత్రింబవళ్లు గిల్లి చూస్తూ, బయటపడ్డ లోపాలను అందరికీ కనిపించేలా పెడుతుంది. వాటిలో ఎవరూ ముట్టనివి ఉంటాయి, అటు వెళ్లమంటారు. అందం కోసం తీసిన పన్నెండు లైన్ల కంటే, అలాంటి లోపం ఒక్కటి సరిచేస్తే వచ్చే సంతృప్తి వేరు.

మార్పు నచ్చినప్పుడు సమీక్షకులు దాని కింద 'రివ్యూడ్ బై' అని తమ పేరు రాస్తారు. ఇందులో చిన్న మెలిక ఉంది. ఇది గ్యారంటీ పత్రం కాదని నియమాలే చెబుతాయి. 'శ్రద్ధగా చదివాను, అడగాల్సినవి అడిగాను, చేర్చుకోదగ్గదే అని నమ్ముతున్నాను' అన్నంతవరకే దాని అర్థం. కానీ ఆ పేరు కెర్నెల్ చరిత్రలో చెరగకుండా ఉండిపోతుంది. పదేళ్ల తర్వాత ఎక్కడో సర్వర్ కూలి, కారణం వెతుక్కుంటూ వచ్చినవాడికి రాసినవాడి పేరుతోపాటు చదివినవాడి పేరూ కనిపిస్తుంది.

2023లో మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలోనూ, నల్గొండలోనూ ఐటీ టవర్లు వచ్చాయి. ఉద్యోగమంటే కొత్త ప్రోగ్రాములు గబగబా రాసిపారేయడమేనని అనుకునే పిల్లలకు ఒక మాట చెప్పాలి. ఇతరులు పంపిన మార్పులను ఎంత అనుభవం ఉన్నవాళ్లయినా, లేనివాళ్లయినా చదివి అభిప్రాయం చెప్పవచ్చని నెట్‌వర్కింగ్ విభాగం నియమావళే ఆహ్వానిస్తోంది. అందుకు పెద్ద కంపెనీ గుర్తింపు కార్డు అక్కర్లేదు. ఒక కంప్యూటర్, నెట్ కనెక్షన్, ఓపిక ఉంటే చాలు. ఒక చిన్న మార్పు తెరిచి, 'ఈ తాళం దేన్ని కాపాడుతోంది?' అని మర్యాదగా అడిగితే, అవతల ఎంత పెద్ద ఇంజినీరున్నా దానికి జవాబు చెప్పాల్సిందే. జవాబు వెంటనే రాకపోతే, అక్కడ ఏదో వెతకాల్సింది ఉందన్నమాట.